బెంగళూరు రాళ్ళతోనే భూగర్భశాస్త్రం: ఖనిజం నుంచి కొండ దాకా

బెంగళూరు దాదాపు 300 కోట్ల ఏళ్ళ వయసున్న రాతి మీద నిలబడి ఉంది. లాల్‌బాగ్‌లోనూ, బసవనగుడి బ్యూగుల్ రాక్ దగ్గరా ఆ రాయి పైన మట్టి కూడా లేకుండా నేరుగా కాలికి తగులుతుంది. ఇలాంటి ఊళ్ళో పెరుగుతున్న మన పిల్లలు అగ్నిశిల, అవక్షేప శిల, రూపాంతర శిల అని బట్టీ పట్టి, పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతుంటే నా మనసు ఒప్పుకోదు. పెద్దవాళ్ళం కూడా అంతే. వంటింటి గట్టుకు రాయి కొనేటప్పుడు షాపువాళ్ళు చెప్పిన పేరే పట్టుకుని ఇంటికి వచ్చేస్తాం.

అందుకని ఇక్కడ పదాల జాబితా ఇవ్వడం లేదు. రాయిని చేతిలో పెట్టుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది దేనితో తయారైంది? అందులోని ముక్కలు ఎలా అమరి ఉన్నాయి? ఆ తర్వాత దీనికి ఏం జరిగింది? మొదటి ప్రశ్నకు జవాబుగా ఖనిజాల పేర్లు వస్తాయి, రెండోదానికి శిలల పేర్లు, మూడోదానికి భూమి చేసే పనుల పేర్లు. ఈ వరస తప్పి చదివినప్పుడే ఈ సబ్జెక్టు కొరకరాని కొయ్యగా అనిపిస్తుంది.

సిద్ధం చేసుకోవలసినవి

పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఒకటి కొనండి. మిగతావన్నీ ఇంట్లోవే: ఇనుప మేకు, రాగి ముక్క, పాత గాజు పలక, నునుపు లేని టైల్ వెనక భాగం, అయస్కాంతం, నిమ్మకాయ, వంటింటి డిజిటల్ కాటా. సుత్తి అక్కర్లేదు. లాల్‌బాగ్ రాయి భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ప్రకటించిన జాతీయ భూగర్భ స్మారకం. దాన్ని గీకడం, కొట్టడం, ముక్క తీయడం తప్పు. పరీక్షలకు కావలసిన ముక్కలు ఇల్లు కడుతున్న చోట జల్లి, అంటే కంకర, గుట్టలోనూ, జిగణి వైపు రాయి కోసే యూనిట్ల దగ్గర పారేసిన తునకల్లోనూ దొరుకుతాయి. అడిగితే సంతోషంగా ఇస్తారు. గుప్పెడు రకాలు ఏరుకుంటే చాలు.

మొదటి అడుగు: ఖనిజాన్ని గుర్తుపట్టడం

ప్రకృతిలో తయారై, ఘనరూపంలో ఉండి, ఒక నిర్దిష్టమైన రసాయన కూర్పూ, లోపల అణువుల క్రమమైన అమరికా ఉన్నది ఖనిజం. ఆ అమరిక బయటికి చక్కని ముఖాలుగా కనిపిస్తే స్ఫటికం అంటాం. ఒకటో, ఎక్కువో ఖనిజాలు కలిసి గట్టిపడితే శిల. ఉప్పు రాయి ఒకే ఖనిజం. మన రోలు మాత్రం నాలుగైదు ఖనిజాలు కలిసిన శిల.

బెంగళూరు చుట్టుపక్కల మొదట నేర్చుకోవలసిన ఖనిజాలు నాలుగే: క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి; ఫెల్డ్‌స్పార్; అభ్రకం; హార్న్‌బ్లెండ్. బూడిద రంగు గ్రానైట్ తునక ఒకటి ఎండలో పట్టుకుని భూతద్దం కంటికి ఆనించి, రాయినే కంటి దగ్గరికి తెచ్చుకోండి. ఇప్పుడు రాయిని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. కొన్ని గింజలు ఒక్కసారిగా చిన్న అద్దంలా తళుక్కుమని ఆరిపోతాయి. తెల్లగానో గులాబీ రంగులోనో ఉండే ఆ గింజలు ఫెల్డ్‌స్పార్. అది కొన్ని నిర్దిష్టమైన తలాల వెంబడే చీలుతుంది కాబట్టి ఆ చదును ముఖం వెలుతురును ఒకేసారి తిప్పికొడుతుంది. దీన్నే చీలిక అంటారు. పక్కనే బూడిద రంగులో, తడిసినట్టు కనిపిస్తూ, ఎంత తిప్పినా తళుక్కుమనని గింజలు పలుగురాయి. దానికి చీలిక లేదు; పగిలితే పగిలిన గాజులాగే ఒంపులుగా పగులుతుంది. నల్లగా, పలచని రేకులుగా, గుండుసూదితో లేపితే పొరలుగా వచ్చేది నల్ల అభ్రకం, దాని పేరు బయొటైట్. నల్లగానే ఉండి, రేకులుగా రాకుండా పొడుగ్గా ఉండేది హార్న్‌బ్లెండ్. ఈ నాలుగింటినీ విడదీయడం వచ్చిన రోజు సగం చదువు అయిపోయినట్టే. అందుకే ఇక్కడ తొందరపడవద్దని చెబుతాను.

తర్వాత కాఠిన్యం. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త పది ఖనిజాలను వరసలో పెట్టాడు: టాల్క్ 1, జిప్సం 2, కాల్సైట్ 3, ఫ్లోరైట్ 4, అపటైట్ 5, ఆర్థోక్లేజ్ ఫెల్డ్‌స్పార్ 6, పలుగురాయి 7, పుష్యరాగం 8, కురువిందం 9, వజ్రం 10. పై సంఖ్య ఉన్నది కింది సంఖ్య ఉన్నదాన్ని గీస్తుంది. మన గోరు సుమారు 2.5, రాగి సుమారు 3, గాజు సుమారు 5.5. గోటితో గీత పడితే టాల్క్ లేదా జిప్సం లాంటిది. అమ్మమ్మల నాటి రాచ్చిప్ప, పలక మీద రాసే బలపం ఆ మెత్తని టాల్క్ కుటుంబానివే. రాగితో గీత పడక మేకుతో పడితే సాధారణంగా మధ్య రకం. మేకుతోనూ పడక, ముక్కే గాజును గీస్తే ఫెల్డ్‌స్పారో, పలుగురాయో, అంతకంటే గట్టిదో అయి ఉంటుంది. గీత పడిందనుకున్నాక వేలితో తుడిచి చూడండి. చాలాసార్లు అది మేకు వదిలిన ఇనుప పొడే అయి ఉంటుంది. ఇంకో మాట: ఈ సంఖ్యలు వరసను మాత్రమే చెబుతాయి, కొలతను కాదు. 9కీ 10కీ తేడా ఒక్క అంకె అనిపించినా, వజ్రం కురువిందం కంటే ఎన్నో రెట్లు గట్టిది.

రంగును మాత్రం నమ్మకండి. ఒకే పలుగురాయి తెలుపు, ఊదా, గులాబీ, పొగ రంగుల్లో దొరుకుతుంది. రంగుకు బదులు టైల్ వెనక భాగం మీద రుద్ది పొడి గీత చూడండి. బళ్ళారి, సండూరు వైపు ఇనుప ఖనిజం హెమటైట్ పైకి నల్లగా, ఉక్కులా మెరుస్తున్నా గీత ఎర్రగా పడుతుంది. ఊళ్ళో అరుగులకు పూసే జాజు రంగు ఆ హెమటైట్‌దే. దానికి చుట్టమైన మాగ్నెటైట్ గీత నల్లగా ఉంటుంది, అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటుంది.

ఇక నాకు చాలా ఇష్టమైన పరీక్ష, సాంద్రత. ముందు పొడి రాయిని కాటా మీద తూచండి. అది 530 గ్రాములు వచ్చిందనుకుందాం. ఇప్పుడు కాటా మీద నీళ్ళ గిన్నె పెట్టి అంకెను సున్నాకు తెచ్చి, రాయిని దారానికి కట్టి, గిన్నె అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. కాటా మీద 200 కనిపిస్తే ఆ రాయి పక్కకు నెట్టిన నీళ్ళు 200 గ్రాములు. 530ని 200తో భాగిస్తే 2.65. పలుగురాయి సాంద్రత సరిగ్గా అదే, గ్రానైట్ దానికి దగ్గరగా వస్తుంది. నల్ల రాళ్ళు 3కి అటూ ఇటూ ఉంటాయి. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో తవ్వే ముగ్గురాయి, అంటే బెరైటీస్, 4.5 దాకా ఉంటుంది. చేతిలోకి తీసుకోగానే సైజుకు మించిన బరువు తెలుస్తుంది. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే ద్రవంలో దాన్ని కలిపేది ఆ బరువు కోసమే.

రెండో అడుగు: శిలకు పేరు పెట్టడం

ఖనిజాలు తెలిశాక వాటి అమరిక చూడాలి. గింజలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, ఏ దిక్కూ లేకుండా కలగలిసి ఉంటే అది చాలావరకు అగ్నిశిల. భూమి లోపల కరిగిన పదార్థం శిలాద్రవం, దాన్నే మాగ్మా అంటాం. పైకి ఉబికి వస్తే లావా. లోతున నెమ్మదిగా చల్లారితే స్ఫటికాలకు పెరిగే వ్యవధి దొరికి గింజలు పెద్దవవుతాయి. పైకి వచ్చి త్వరగా చల్లారితే గింజలు కంటికి ఆనవు. గ్రానైట్ మొదటి రకం, బసాల్ట్ రెండో రకం. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లని బసాల్ట్ సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి దక్కన్ లావాలది.

గ్రానైట్‌ను అసలైన చోట చూడాలంటే రామనగర వెళ్ళండి, బెంగళూరు నుంచి 50 కిలోమీటర్లే. ఆ ఊరి పాత పేరు క్లోజ్‌పేట. అందుకే అక్కడి రాయిని క్లోజ్‌పేట గ్రానైట్ అంటారు. వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 400 కిలోమీటర్ల పొడవునా సాగుతుంది. దాని గులాబీ ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు కొన్నిచోట్ల సెంటీమీటర్ల పొడుగున, భూతద్దం లేకుండానే కనిపిస్తాయి. చిన్న గింజల మధ్య అలా పెద్ద స్ఫటికాలు ఉంటే దాన్ని పార్ఫిరిటిక్ అమరిక అంటారు.

ఇక్కడే రాయి షాపు సంగతి చెప్పాలి. వ్యాపారంలో పాలిష్ పట్టే గట్టి రాయి ఏదైనా గ్రానైటే. "ఇది గ్రానైటేనా అన్నా?" అని అడిగితే "ఎ వన్ గ్రానైట్ మేడమ్" అనే చెబుతారు, వాళ్ళ లెక్కలో అది అబద్ధం కాదు. కానీ ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీలో నల్లని నేల మీద బంగారు చుక్కలు పైరాక్సీన్ కుటుంబపు ఖనిజానివి. భూగర్భశాస్త్రం ప్రకారం అది గాబ్రో అనే నల్లని అగ్నిశిల జాతిది. సమాధులకూ విగ్రహాలకూ వాడే అచ్చమైన నల్ల రాయి ఎక్కువగా డోలరైట్. పాత రాతి పగుళ్ళలోకి మాగ్మా గోడలా చొచ్చుకుపోయి గట్టిపడితే ఆ గోడను డైక్ అంటారు, డోలరైట్ సాధారణంగా డైకులుగానే దొరుకుతుంది. బెంగళూరు చుట్టూ అలాంటివి చాలా ఉన్నాయి. నిజమైన గ్రానైట్‌లో పలుగురాయి తప్పకుండా కనిపించాలి. మీ కౌంటర్ రాయిలో బూడిద రంగు గాజు గింజలు ఎక్కడా లేకపోతే అది వేరే రాయి. వాడుకకు అదీ మంచిదే, పేరు తెలుసుకుని కొనండి, అంతే.

అవక్షేప శిలలు బెంగళూరులో సహజంగా దాదాపు లేవు, కానీ మన ఇళ్ళలో ఉన్నాయి. ఇసుక, బురద, సున్నం లాంటివి నీళ్ళ అడుగున పొరలుగా పేరుకుని, పై బరువుకు నొక్కుకుపోయి, మధ్యలో ఖనిజాల అతుకు పడి గట్టిపడితే ఇసుకరాయి, షేల్, సున్నపురాయి అవుతాయి. వంటింటి అలమరల్లో అరలుగా వేసే కడప రాయి, తాండూరు నాపరాయి ఈ కోవవే. గీకిన పొడి మీద నిమ్మరసం చుక్క వేసి భూతద్దంతో చూడండి. సన్నని బుడగలు వస్తే అందులో సున్నపురాయి ఖనిజమైన కాల్సైట్ ఉన్నట్టు. అదే చర్య వేల ఏళ్ళపాటు, కాస్త ఆమ్లత ఉన్న వాననీటితో జరిగితే బెలుం గుహలు తయారయ్యాయి.

వేడి, ఒత్తిడి వల్ల కరగకుండానే కొత్త రూపం పొందినవి రూపాంతర శిలలు. సున్నపురాయి పాలరాయి అవుతుంది, ఇసుకరాయి క్వార్ట్‌జైట్ అవుతుంది, షేల్ పలకరాయి అవుతుంది. పాలరాయి గట్టు మీద చింతపండు పులుసు ఒలికితే మెరుపు పోయి మచ్చ పడేది దానిలో ఉన్నది కాల్సైట్ కాబట్టి. పులుపు ఎక్కువగా వాడే మన వంటలకు పాలరాయి గట్టు వద్దనే నా సలహా.

మూడో అడుగు: లాల్‌బాగ్ రాతిని చదవడం

మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగి, కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కండి. పొద్దున్నే ఏటవాలు ఎండ ఉన్నప్పుడు వెళితే రాతి చారలు బాగా తేలుతాయి. ఇది నైస్ అనే రూపాంతర శిల. 1916లో మైసూరు భూగర్భ శాఖకు చెందిన స్మీత్ ఈ తరహా రాళ్ళకు పెనిన్సులర్ నైస్ అని పేరు పెట్టాడు. దక్షిణాదిలో చాలా భాగానికి అడుగు పునాది ఇదే.

ముందు చారలు చూడండి. తెల్ల చారల్లో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్. నల్ల చారల్లో బయొటైట్, హార్న్‌బ్లెండ్. మొదటి అడుగులో నేర్చుకున్న నాలుగు ఖనిజాలే ఇక్కడ వరసలు కట్టాయి. భూమిలో కిలోమీటర్ల లోతున వేడికి మెత్తబడి, ఒత్తిడికి లొంగి అలా విడివిడి చారలయ్యాయి. ఇదే బ్యాండింగ్, నైస్‌కు గుర్తు.

చార వెంబడి నడిచి వెళ్ళండి. కొన్నిచోట్ల అది వంపు తిరిగి వెనక్కి వస్తుంది. అది ముడుత. రాయి విరగకుండా వంగిందంటే అప్పుడది లోతున, వేడిగా ఉండి ఉండాలి. పైన చల్లగా ఉన్న రాయి వంగదు, పగులుతుంది. పగిలినా రెండు వైపులూ జరగకపోతే జాయింట్. జరిగితే భ్రంశం. రెండింటికీ తేడా కనిపెట్టడం తేలిక: పగులు దాటే చార ఏదైనా పట్టుకుని, అవతలి వైపు అదే గీతలో కలుస్తోందా, పక్కకు తప్పిందా చూడండి.

చివరగా, చారలను అడ్డంగా కోసుకుంటూ వెళ్ళే తెల్లని గీతలు వెతకండి. పగుళ్ళలో ద్రవాలు నిండి గట్టిపడిన వీటిని సిరలు అంటారు. పెద్ద పెద్ద గింజలున్నవైతే పెగ్మటైట్ సిరలు. కోసినది కోయబడినదానికంటే వయసులో చిన్నది, భూగర్భశాస్త్రంలో కాలాన్ని చదివే మొదటి సూత్రం ఇది. ముందు నైస్ చారలు, తర్వాత ముడుత, ఆ తర్వాత సిర, చివరికి జాయింట్. ఒక చదరపు గజం రాతి మీద వేలు పెట్టి ఈ వరస చెప్పగలిగిన పిల్లకు ఇక పాఠ్యపుస్తకం భయపెట్టదు.

సిరల గొప్పతనం తెలియాలంటే కోలారు గుర్తు చేసుకోవాలి. అక్కడి బంగారం, రూపాంతరం చెందిన పాత లావా రాళ్ళ మధ్య పలుగురాతి సిరల్లోనే దొరికింది. వేడి నీళ్ళు లోతు పగుళ్ళలో బంగారాన్ని కరిగించి మోసుకొచ్చి అక్కడ వదిలాయి. గనులు 3 కిలోమీటర్లకు మించిన లోతుకు వెళ్ళి, 2001లో మూతపడ్డాయి.

నాలుగో అడుగు: రాయి మట్టి అవడం, మట్టి కదలడం

శైథిల్యం అంటే రాయి ఉన్నచోటే చెడిపోవడం. క్రమక్షయం అంటే ఆ చెడిన పొడిని నీళ్ళో గాలో కోసి మోసుకుపోవడం. నిక్షేపణ అంటే దాన్ని ఇంకోచోట దింపడం. ఈ మూడింటినీ కలిపేసి చెప్పడం పిల్లల జవాబుల్లో చాలా మామూలు.

శైథిల్యం చూడటానికి వైట్‌ఫీల్డ్‌లోనో సర్జాపూర్ రోడ్డులోనో అపార్ట్‌మెంట్ సెల్లార్ కోసం తవ్విన గుంత చాలు, కంచె బయట నుంచే చూడండి. పైన ఎర్రమట్టి. దాని కింద తెల్ల మచ్చలతో గరుసు. ఇంకా కింద చేత్తో నలిపితే రాలిపోయే మెత్తరాయి, దాన్లో నైస్ చారలు ఇంకా కనిపిస్తుంటాయి. అడుగున గట్టిరాయి. బయొటైట్, హార్న్‌బ్లెండ్‌లోని ఇనుము తుప్పు పట్టడం వల్ల ఎరుపు వచ్చింది. ఫెల్డ్‌స్పార్ నీటితో చర్య జరిపి తెల్ల బంకమట్టిగా మారింది. పలుగురాయి మాత్రం మారదు, ఇసుకగా మిగులుతుంది. నదుల్లో ఇసుక ఎక్కువగా పలుగురాయే అవడానికి కారణం ఇదే.

కొండల మీద ఇంకో రకం చూస్తారు. లోతున పుట్టిన రాయి మీద ఉన్న బరువంతా అరిగిపోయాక రాయి కాస్త వ్యాకోచించి ఉల్లిపాయ పొరల్లా విడుతుంది. రామనగర గుండ్రటి బండల మీద ఆ పలకలు స్పష్టంగా ఉంటాయి.

వాన వెలిశాక రోడ్డు పక్కన పేరుకున్న ఇసుక దగ్గర పిల్లలతో ఒక పని చేయించండి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి ఇసుకలో తిప్పితే నల్ల రవ్వలు అతుక్కుంటాయి. కొన్ని బండ్ల నుంచి రాలిన ఇనుప పొడి కావచ్చు, చాలావరకు మాగ్నెటైట్. నీటి వేగం తగ్గిన చోట బరువైన నల్ల రవ్వలు ముందు ఆగి, తేలికైన తెల్ల ఇసుక ముందుకు పోవడం కూడా అక్కడే కనిపిస్తుంది. నదులు చేసేది ఇదే పని, పెద్ద ఎత్తున.

బోరుబావి గురించి ఒక మాట. నైస్, గ్రానైట్ గింజల మధ్య ఖాళీ ఉండదు, కాబట్టి రాయి తనలో నీరు దాచుకోలేదు. నీళ్ళు ఉండేది పైనున్న మెత్తరాయి పొరలోనూ, కింద జాయింట్ల పగుళ్ళలోనూ. అందుకే ఒక ఇంటి బోరులో నీళ్ళు పడి, పక్కింటి బోరు ఎండిపోతుంది. ఎంత లోతు వేశామన్నదానికంటే పగులు తగిలిందా, ఆ పగుల్లోకి వాననీరు మళ్ళీ దిగుతోందా అన్నదే ముఖ్యం. మేడ మీద వాననీటిని ఇంకుడు గుంతలోకి మళ్ళించడం ఈ ఊరి రాతికి తప్పనిసరి.

ఐదో అడుగు: భూమి లోపల

ఇది చూడలేం కాబట్టి క్లుప్తంగా. పైన భూపటలం, ఖండాల కింద సగటున 35 కిలోమీటర్లు. దాని కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా ప్రావారం, ఆ లోపల ఇనుము ఎక్కువగా ఉన్న కేంద్ర మండలం. భూపటలమూ, దాని కింది గట్టి భాగమూ కలిసి పలకలుగా విడిపోయి నెమ్మదిగా కదులుతున్నాయి. మన పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతూ, ఆసియాను నెట్టి హిమాలయాలను లేపింది. ప్రావారం లోతు నుంచి నేరుగా పైకి దూసుకొచ్చిన కింబర్లైట్ రాళ్ళు అనంతపురం వైపు వజ్రకరూరులో ఉన్నాయి, వజ్రాలు వాటితోనే పైకి వచ్చాయి.

ఆరో అడుగు: కాలాన్ని చదవడం

భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు. రాళ్ళ వయసు రెండు రకాలుగా చెబుతారు. ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పేది సాపేక్ష వయసు. లాల్‌బాగ్‌లో మనం చేసింది అదే. జిర్కాన్ లాంటి ఖనిజాల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి అంకె చెప్పేది నిరపేక్ష వయసు. దానికి ల్యాబ్ కావాలి.

బెంగళూరు తెలుగువాళ్ళం తిరుపతికి ఎలాగూ వెళ్తుంటాం. తిరుమల ఘాట్ రోడ్డు కొండ చరియల్లో అడుగున పాత గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ ఉంటాయి. ఆ రెండింటినీ వేరు చేసే గీత కూడా జాతీయ భూగర్భ స్మారకమే, దాని పేరు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ. లోతున పుట్టిన గ్రానైట్ పైకి లేచి, అరిగి, చదునై, ఆ తర్వాత దాని మీద నీళ్ళు ఇసుకను పరిచాయి. ఆ మధ్యలో గడిచిన కాలం పదుల కోట్ల ఏళ్ళు. రాళ్ళలో దానికి రికార్డు లేదు, ఆ గీత ఒక్కటే ఉంది. బస్సులో కిటికీ వైపు సీటు దొరికితే, అడ్డంగా సాగే పొరలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతున్నాయో చూస్తూ వెళ్ళండి. కొండ మీద శిలాతోరణం కూడా ఆ పై క్వార్ట్‌జైట్‌లో చెక్కుకుపోయినదే.

ఏడో అడుగు: రాసి పెట్టుకోవడం

ప్రతి తునక మీదా తెల్ల పెయింట్ చుక్క పెట్టి, దాని మీద అంకె రాయండి. నోట్‌బుక్‌లో అదే అంకె కింద దొరికిన చోటు, గింజల సైజు, కనిపించిన ఖనిజాలు, కాఠిన్యం, పొడి గీత రంగు, సాంద్రత, నిమ్మరసానికి బుడగలు వచ్చాయా లేదా రాయండి. పేరు ఆఖరున పెన్సిల్‌తో రాయండి, తర్వాత మార్చుకోవలసి రావచ్చు. జల్లి గుట్టలో దొరికినదైతే ఏ క్వారీ నుంచి వచ్చిందో లారీ డ్రైవరన్నను అడిగి అదీ రాసుకోండి. చోటు తెలియని రాయి సగం కథే చెబుతుంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ నడిపే భూకోశ్ పోర్టల్‌లో భూగర్భ పటాలు ఉచితంగా చూడవచ్చు. మీ ఏరియా పటం తెరిచి, మీ ఇంటి కింద ఏ శిల గుర్తించారో చూసి, నోట్‌బుక్‌లో మీరు పెన్సిల్‌తో రాసిన పేరుతో సరిచూసుకోండి.